ఆరుద్రలో నాటిన తోపు

మాధవరం పక్కనున్న తోపును మేమంతా కలిసి బతికించుకున్నామని మా చూలై వీధివాళ్ళు చాలాకాలం చెప్పుకున్నారు. నేను పక్కన కూచుని విని ఊరుకునేవాణ్ణి. తప్పులు దిద్దడం నా వృత్తి. భోజనాల మధ్య ఎవరైనా ఒక మాట వంకరగా పలికితే ముద్ద ఆపి మరీ సరిచేసే పాడు గుణం నాది. అయినా ఈ ఒక్కటీ దిద్దలేదు. దిద్దడం మొదలుపెడితే మొదటి తప్పు నాదేనని ఒప్పుకోవాలి.

ఆంధ్ర రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడు. నేను కృష్ణా డెల్టాలోని ఒక పల్లె నుంచి మద్రాసు వచ్చి, చూలైలో ఒక తెలుగు అచ్చాఫీసులో ప్రూఫులు చూసే పనిలో కుదిరి మూడేళ్ళవుతోంది. పెళ్ళి కాలేదు. అచ్చాఫీసు మేడమీది గదిలో కాగితం కట్టల మధ్య పడుకునేవాణ్ణి. మా దగ్గర శుభలేఖలు, భజన పాటలు, బడి వాచకాలు అచ్చయ్యేవి. అన్నిటికన్నా పెద్దపని పంచాంగం. దాని ప్రూఫులు మూడుసార్లు నేను చూసేవాణ్ణి, నాలుగోసారి ఎవరూ చూడనక్కర్లేదని యజమాని అనేవాడు. ఆ మాట నాకు బాగా తలకెక్కింది.

వీధిలో ఉన్నవాళ్ళు నాలాగా నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళు కాదు. కంచరివాళ్ళు, వడ్రంగులు, బండిచక్రాలకు పట్టాలు వేసేవాళ్ళు. వాళ్ళ పెద్దలు ఎప్పుడొచ్చారో వాళ్ళకే తెలీదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కోపమొస్తే రెండూ కలిపి. వాళ్ళ తెలుగుకు నేను నవ్వేవాణ్ణి. నా తెలుగుకు వాళ్ళు నవ్వేవాళ్ళు. అయినా ప్రతి ఉగాదికీ పంచాంగం మాత్రం మా అచ్చాఫీసుదే కొని, దానికి పసుపు రాసి గూట్లో పెట్టుకునేవాళ్ళు.

తోపు వాళ్ళది. అంటే ఏ ఒక్కరిదీ కాదు. కార్తీకంలో వనభోజనాలకని వాళ్ళ తాతముత్తాతలు అట్టిపెట్టుకున్న నేల. ఉసిరి, నేరేడు, కానుగ, వేప, చింత ఉండేవట. పెరంబూరు దాకా బస్సులో వెళ్ళి, అక్కణ్ణించి నడవాలి. నేను మొదటిసారి వెళ్ళేసరికి తోపన్నది మాటవరసకే మిగిలింది. యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడిచాయి గదా, ఆ బొగ్గు కోసం నరికినవి కొన్ని, ఎవరూ చూడటంలేదని వంటచెరకుకు నరికినవి కొన్ని. ఒక ముసలి ఉసిరి, నాలుగు తాటిచెట్లు, మొదళ్ళు, మేకల పెంటికలు, అంతే మిగిలాయి. ఆ ఉసిరికిందే ఎండలో ముప్ఫై ఇళ్ళవాళ్ళు వంతులవారీగా కూచుని తిని, వనభోజనం అయిందనిపించుకునేవాళ్ళు.

తోపుకు రోడ్డువైపు కొసన ఒక గుడిసె ఉండేది. అందులో ఒక అవ్వ ఉండేది. ఆమె మొగుణ్ణి వీధిపెద్దలు ఎప్పుడో తోపుకు కావలిగా పెట్టారు. బళ్ళు వచ్చేది రోడ్డువైపే గనక గుడిసె అక్కడ వేసుకున్నారు. మొగుడు పోయాడు, చెట్లూ పోయాయి, ఆమె మాత్రం మిగిలింది. పిల్లలు లేరు. రాయపురంలో చెల్లెలి కూతురు ఉందిగాని, చేపల రేవు పక్కన ఆ ఇంట్లో ఉన్నవాళ్ళకే కాళ్ళు చాపుకోవడానికి చోటులేదు. ఆ గుడిసె తప్ప ఆమెకు తల దాచుకునే చోటు ఇంకోటి లేదు. ఆ సంగతి మా అందరికీ తెలుసు.

ఆ వేసవిలో, ఊళ్ళోని పాడిపశువులన్నిటినీ తెచ్చి కట్టేయడానికి మాధవరం పక్క కొట్టాలు కట్టబోతున్నారని, అందుకు బంజరు నేలలు కొలుస్తున్నారని కబురొచ్చింది. వీధికి పెద్దతలకాయ లాంటి కంచరి మేస్త్రీ నన్ను వెంటబెట్టుకుని తోపుకు బయల్దేరాడు. కాగితాలు చదివేవాడు ఒకడుండాలని నన్ను పిలిచాడు. నేల కొలిచే ఆఫీసరు అప్పటికే ఉసిరికింద కుర్చీ వేసుకుని ఉన్నాడు. తమిళుడే, కానీ చిత్తూరు పక్క చాలాకాలం ఉద్యోగం చేశానంటూ తెలుగులోనే మాట్లాడాడు. మర్యాదస్తుడు.

"కాగితంలో తోపని ఉంది. నేలమీద తోపు లేదు. నేనేం రాయను?" అన్నాడు.

"మళ్ళీ పెంచుతాం సామీ. మేమే నాటుకుంటాం, మేమే చూసుకుంటాం. కొంచెం టైం ఇయ్యండి," అన్నాడు మేస్త్రీ.

ఆఫీసరు పుస్తకం తెరుస్తూ, మొక్కలు బతికి ఉంటే అవి ఉన్నంతవరకూ గీతగీసి తోపని రాస్తాననీ, మిగిలింది బంజరు కింద పోతుందనీ చెప్పాడు. "పొంగలు వెళ్ళాక రమ్మంటారా?" అని ఆయనే అడిగాడు.

అవ్వ కొంచెం దూరంలో నిలబడి వింటోంది. మేస్త్రీ నోరు తెరిచేలోగా నేనందుకున్నాను.

"అంత ఆలస్యం ఎందుకండీ? ఆరుద్ర కార్తెలో నాటుతాం. మూడు నెలల్లో నిలదొక్కుకుంటాయి. పురట్టాసిలో వచ్చి చూసుకోండి." తమిళ నెల పేరు కూడా తెలుసునని చూపించుకోవాలని పురట్టాసి అన్నాను. అది వినాయకచవితి, దసరాల మధ్య వస్తుంది.

అవ్వ నా చొక్కా అంచు పట్టుకుని లాగింది. "అబ్బయ్యా, ఐప్పసి పోనీ. ఈడ వాన అప్పుడు గదా. ఆరుద్రలో ఈడ ఏముంటాది, చెమట తప్ప?"

ఐప్పసి అంటే పురట్టాసి తర్వాతి నెల. నేను ఆమె చెయ్యి విడిపించుకున్నాను. నేను పుట్టినచోట ఆరుద్రలో ఆకాశం చిల్లుపడ్డట్టు కురుస్తుంది. నారుమళ్ళు పోసేదీ, మొక్కలు పాతేదీ అప్పుడే. ఆ సంవత్సరం పంచాంగంలో ఆరుద్రకు మంచి వాన అని ఉంది. నేనే చూసిన ప్రూఫు, మూడుసార్లు. చదువురాని ముసలమ్మ, అచ్చయిన మాటను కాదంటోందని నాకు నవ్వొచ్చింది. మేస్త్రీ నావైపు చూసి, ఆమెవైపు చూసి, "పంచాంగంలో అట్టనే ఉండాది అవ్వా," అన్నాడు. ఎన్నో తరాలుగా ఈ ఊరి వానలో తడిసినవాడు, ఆ ఒక్క నిమిషం తను తడిసింది మరిచిపోయాడు. ఆఫీసరు పురట్టాసి అని పుస్తకంలో రాసుకున్నాడు.

ఆయన వెళ్ళాక అవ్వ ఒక్కటే అడిగింది. "నా గుడిసె ఉంటాదా?"

"చెట్లుంటే గుడిసె ఉంటాది. నీకేం భయం వద్దు," అన్నాడు మేస్త్రీ.

ఆరుద్రలో మొదటి ఆదివారం నాడు నాటాం. వీధిలో మగా ఆడా కలిసి ఇరవైమంది దాకా వచ్చారు. పక్కసందులో ఉండే క్రైస్తవ దంపతులు, రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవాళ్ళు, చర్చిలో ప్రార్థన ముగించుకుని మధ్యాహ్నానికి చేరారు. గుంతలు తవ్వడంలో ఆ ఇల్లాలికి మా వీధి మగవాళ్ళెవరూ సాటిరారని ఆ రోజే తేలింది. నర్సరీ నుంచి రెండు బళ్ళమీద మొక్కలొచ్చాయి. రోడ్డువైపు గుడిసె చుట్టూ దట్టంగా పెట్టించాడు మేస్త్రీ. ఆఫీసరు వచ్చేది అటునుంచే, ముందు కనబడేది పచ్చగా ఉండాలి, అవ్వ గుడిసె చెట్ల నడుమ ఉండాలి అన్నాడు. అది మంచి ఆలోచనే. మిగిలినవి లోపలికంటా, తూర్పున పల్లంలో ఉన్న బావిదాకా పెట్టాం. చుట్టూ ముళ్ళకంప కట్టాం. సాయంత్రం నేను నడుం పట్టుకుని ఉసిరికింద కూచుని, వాన ఎప్పుడొస్తుందోనని ఆకాశం చూశాను. నిజంగానే చూశాను.

రెండు సాయంత్రాలు వాన పడింది. ఉరిమిన దాంట్లో సగం కూడా కురవలేదు. అంతే, మళ్ళీ చుక్క లేదు. కురిసే వానలో ఇన్ని పాళ్ళు సముద్రంలో, ఇన్ని పాళ్ళు కొండలమీద, ఇన్ని పాళ్ళు భూమిమీద అని పంచాంగంలో లెక్క ఉంటుంది. మా పాలు కూడా సముద్రంలోనే పడ్డట్టుందని మేస్త్రీ ఒకరోజు అచ్చాఫీసు గుమ్మంలో నిలబడి అన్నాడు. హాస్యంగానే అన్నాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

ఉపాయం అవ్వే చెప్పింది. "పగిలిన కుండలు తెండి. అడుగున చిల్లి పెట్టి, గుడ్డ పేలిక దోపి, చెట్టు పక్కన పాతితే, ఒకసారి నింపితే మూడు దినాలు తడి ఉంటాది." మా వీధిలో ఇల్లిల్లూ తిరిగి బీటలువారిన కుండలు, మూతి విరిగిన కడవలు, పనికిరాని ముంతలు పోగుచేశాం. ఎవరి ఇంట్లో ఎన్ని కుండలు పగిలాయో అప్పుడు బయటపడింది. కోడళ్ళమీద అత్తల ఫిర్యాదులు ఆ రెండు రోజులూ ఎక్కువయ్యాయి. ఒక బండెడు కుండలు తోలుకెళ్ళి పాతాం. ప్రతి ఆదివారం వచ్చి నింపుతామని అందరం మాట అనుకున్నాం. మూడురోజులకోసారి నింపాల్సినవాటిని వారానికోసారి నింపితే ఏమవుతుందో ఎవరూ అడగలేదు. నేను కూడా అడగలేదు.

మొదటి మూడు ఆదివారాలూ బస్సు పట్టనంతమంది వెళ్ళాం. తర్వాత ఒకరింట్లో సీమంతం, ఒకరికి జ్వరం, ఒకరికి కొలిమి పని. నాకు బడి వాచకాల ప్రూఫులు వచ్చిపడ్డాయి. నిజానికి వెళ్ళలేకపోయేంత పని లేదు. ఎండిపోతున్న మొక్కల ముందు నిలబడాలంటే మొహం చెల్లలేదు, అంతే. మేస్త్రీ, ఆ రైల్వే దంపతులు మాత్రం ఒక్క ఆదివారమూ మానలేదు.

పురట్టాసికి ముందు వచ్చే ఆవణి నెల మధ్యలో, పనిమీద పెరంబూరు వెళ్ళినవాణ్ణి తోపుదాకా నడిచాను. మిట్టమధ్యాహ్నం. అవ్వ బావి దగ్గర నీళ్ళు తోడుకుని, కడవ చంకనెత్తుకుని వస్తోంది. పాతిన కుండల్లో ఒక్కొక్కదానిలో కొబ్బరిచిప్పతో కొలిచి పోస్తోంది. ఒక కడవకు ఎన్ని కుండలు నిండుతాయో ఆమెకు కచ్చితంగా తెలిసినట్టుంది, ఒక్క చుక్క ఒలికించకుండా ముగించి మళ్ళీ బావికి వెళ్ళింది. బావి చుట్టుపక్కల నేరేళ్ళు, కానుగలు కొత్త ఆకు వేశాయి. చూసి ప్రాణం లేచొచ్చింది. తిరిగి రోడ్డుకొస్తూ గుడిసె చుట్టూ చూశాను. ఇక్కడి మొక్కలు పుల్లల్లా నిలబడి ఉన్నాయి. కుండలు బోర్లించినంత పొడిగా ఉన్నాయి.

"అవ్వా, ఇటుపక్కవి ఎండిపోతున్నాయే," అని కేకేశాను.

"చూస్తానే ఉండా అబ్బయ్యా," అంది దూరంనుంచి.

చూస్తోందిగదా, పోస్తుందిలే అనుకున్నాను. కడవ అందుకుని నేనే నాలుగు కుండలు నింపగలిగేవాణ్ణే. బస్సు వేళయిందని వచ్చేశాను.

పురట్టాసిలో ఆఫీసరు చెప్పిన రోజుకే వచ్చాడు. కొలతగొలుసు పట్టుకున్న ఇద్దరు మనుషులు హద్దురాళ్ళ బండితో వెంట వచ్చారు. మా వీధి సగం అక్కడే ఉంది. ఆయన ముందు గుడిసె చుట్టూ తిరిగాడు. ఒక మొక్కను వేళ్ళతో పట్టుకుని వంచాడు. పుటుక్కున విరిగింది. ఇంకోటి వంచాడు. అదీ విరిగింది. లోపలికి నడిచాడు. పల్లంలోకి దిగాక ఆయన మొహం మారింది. బతికిన మొక్కలు డెబ్భై పైచిలుకు తేలాయి, కొన్ని నా మోకాలెత్తు ఉన్నాయి. నరికిన మొదళ్ళు కూడా కంప లోపల చిగిర్చాయి.

"బాగా పెంచారు. ఇంత ఎండలో ఇన్ని బతకడం చిన్నమాట కాదు," అన్నాడాయన. "ఈ మేరకు తోపని రాసేస్తాను."

మనుషులు గొలుసు లాగారు. బతికిన చివరి మొక్క పక్కన రాయి పాతారు. ముసలి ఉసిరి లోపలికొచ్చింది. బావి లోపలికొచ్చింది. మొత్తం నేలలో సగానికి పైగా వచ్చింది. మావాళ్ళు కొబ్బరికాయ కొట్టారు. ఎవరో నా వీపు తట్టారు. అప్పుడు చూశాను. గుడిసె రాళ్ళకు అవతల, ముప్ఫై అడుగుల దూరాన ఉంది.

నేను ఆఫీసరు వెంట పరుగెత్తాను. ఐప్పసి వానలు పడనివ్వండి, ఆ ముక్కలోనూ మళ్ళీ నాటుతాం, ఆ ముసలమ్మకు వేరే చోటు లేదు అని బతిమాలాను. ఆయన విసుక్కోలేదు.

"నేను పొంగలు తర్వాత వస్తానన్నాను. పురట్టాసి అన్నది మీరే. ఇప్పుడు కొట్టాల పటం పైకి వెళ్ళాలి, నా చేతుల్లో లేదు." పుస్తకం మూసి, "గుడిసెను లోపలికి జరపనివ్వడానికీ లేదు. తోపని రాసినచోట కాపురం ఉండకూడదు," అన్నాడు.

మేస్త్రీ అవ్వ దగ్గరికి వెళ్ళి సంగతి చెప్పలేక తలగుడ్డ తీసి మళ్ళీ చుట్టుకున్నాడు. ఆమెకు చెప్పనవసరం లేకపోయింది. రాళ్ళు ఎక్కడ పాతారో ఆమె చూస్తూనే ఉంది.

నాకు కోపం వచ్చింది. నామీద రావలసిన కోపం ఆమెమీదికి మళ్ళింది. "నీ గుడిసె చుట్టూ ఉన్నవాటికి నీళ్ళెందుకు పొయ్యలేదు అవ్వా? ముందు వాటికే గదా పొయ్యాల్సింది! చెట్లుంటేనే గుడిసె ఉంటుందని నీకు చెప్పలేదా?"

ఆమె నన్ను కొత్తగా చూసినట్టు చూసింది. "బావినించి ఈడికి ఒక కడవ తెచ్చే లోపల ఆడ మూడు కడవలు పొయ్యొచ్చు అబ్బయ్యా. ఈడ ఒక చెట్టు బతకాలంటే ఆడ మూడు సావాల. నేనొక్క మనిషిని. నువ్వు చెప్పు, యాడ పొయ్యాల?"

ఆమె కూడా ఎక్కడో లెక్క తప్పిందని ఒప్పుకుంటే నా తప్పు కొంచెం తేలికయ్యేది. అందుకే అడిగానని ఇప్పుడు తెలుసు. ఆమె లెక్క తప్పలేదు. జూన్‌లోనే ఆమెకు తెలుసు, అన్నిటికీ నీళ్ళు చాలవని. ఏవి వదిలెయ్యాలో అప్పుడే తేల్చుకుంది. ఆమెను ఆ నిర్ణయానికి నెట్టింది నేను. నాకు సిగ్గేసింది. ఏళ్ళు గడిచినా ఆ సిగ్గులో ఒక్క పిసరు తగ్గలేదు.

నెల తిరక్కముందే గుడిసె ఖాళీ చెయ్యమని కాగితం వచ్చింది. రాయపురం నుంచి చెల్లెలి కూతురు వచ్చి మూటా ముల్లే సర్దింది. ఆ రోజు మేం ఒక పదిమందిమి వెళ్ళాం. సామాను బండికెక్కించి సాయపడదామని మా ఉద్దేశం. బండికెక్కించడానికి ఏమీ లేదు. రెండు గిన్నెలు, ఒక చాప, ఒక రోలు, ఒక దుప్పటి. రోలు వద్దు, అక్కడ పెట్టడానికి చోటుండదు అంది చెల్లెలి కూతురు. అవ్వ రోలును బావి గట్టుమీద పెట్టించింది, ఎవరికైనా పనికొస్తుందని.

తర్వాత గుడిసె కప్పువైపు చూపించింది. "దాన్ని సుమ్మా అట్నే వదిలేస్తే కొట్టాలోళ్ళు పొయ్యిలో పెట్టుకుంటారు. తాటాకు పీకి చిన్న చెట్లకు నీడ కట్టండి. వాన పడేదాకా ఎండ ఊరికే ఉండదు. గుంజలు కంచెకు పనికొస్తాయి."

ఎవరూ కదల్లేదు. ఆమె ఇంటిని ఆమె కళ్ళముందు ఎలా పీకుతాం? ఆమే కొడవలి తీసుకుని చూరు కట్లు కోయడం మొదలుపెట్టింది. అప్పుడు మేస్త్రీ పైకెక్కాడు. రైల్వే ఇల్లాలు తాటాకు అందుకుంది. ఒక గంటలో గుడిసె ఉన్నచోట పొయ్యిగడ్డ, అలికిన నేల మిగిలాయి. ఆకు మోసుకుంటూ రాళ్ళు దాటి లోపలికి వెళ్ళాం. అవ్వ ముందు నడుస్తూ ఏ మొక్కకు ఎంత కావాలో చూపిస్తోంది. ఏది బలంగా ఉంది, దేనికి వేరు పైకి తేలింది, దేన్ని మేక ఒకసారి కొరికి వదిలింది, అన్నీ ఆమెకు తెలుసు.

తలుపు తడిక నా వంతుకొచ్చింది. వెదురుతో అల్లింది, పట్టుకునేచోట చెయ్యి తగిలి తగిలి నున్నగా అయింది. ఎక్కడ పెట్టాలో తెలీక నిలబడ్డాను.

"ఆ వంకర నేరేడుకు కట్టు. తూర్పున కాదు, పడమరకి. మధ్యాన్నం ఎండ ఆడ్నించే గదా వస్తాది," అంది.

పడమర వైపు రెండు గుంజలు పాతి తడిక కట్టాను. ఆమె వచ్చి ముడి లాగి చూసింది. వదులుగా ఉందని విప్పించి మళ్ళీ కట్టించింది. తర్వాత చాప చంకలో పెట్టుకుని చెల్లెలి కూతురి వెంట రోడ్డెక్కింది.